ఇరవై వేల బేస్ గిటార్ రెండు లక్షల బేస్‌కి సాటి వస్తుందా?

రాజాం వైపు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. చర్చిలోనూ, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలోనూ బేస్ వాయిస్తున్నాడు. చేతిలో ఉన్నది ఆన్‌లైన్‌లో 18 వేలకు కొన్న నాలుగు స్ట్రింగుల బేస్. "అమెరికన్ ఫెండర్ కంపెనీ బేస్ లేకపోతే టోన్ రాదని మా ఆర్కెస్ట్రా పార్టీలో అందరూ అంటున్నారు, ఫైనాన్స్ తీసుకుని 2 లక్షల పైన పెట్టి కొనమంటారా అన్నా, లేక చవక బేస్ కూడా ఆ స్థాయికి వస్తుందా? నాది పైన, అంటే బాడీకి దగ్గరగా ఉండే ఫ్రెట్ల (మెడ మీది అడ్డ తీగల) దగ్గర శ్రుతి కూడా సరిగ్గా ఉండట్లేదు" అని రాశాడు.

సూటిగా చెప్తాను తమ్ముడూ. కొనకు. అప్పు చేసి అసలే కొనకు. జనం చెవికి చేరే సౌండ్ వరకూ చూస్తే, సరిగ్గా సెటప్ చేసి, అంటే మెడ వంపు, స్ట్రింగుల ఎత్తు, శ్రుతి సరిచేసి, మంచి స్ట్రింగులు వేసిన 20 వేల బేస్, ఖరీదైన బేస్‌కి చాలా దగ్గరగా వస్తుంది. స్టేజి మీద మిగతా వాయిద్యాలతో కలిసి మోగుతున్నప్పుడు తేడా పట్టడం బేస్ వాయించేవాళ్లకే కష్టం. అయితే సౌండ్ ఒక్కటే వాయిద్యం కాదు కదా. ఎండాకాలం, వానాకాలం ఒకేలా నిలబడటం, మెడ మీద ప్రతి నోటూ ఒకే బలంతో పలకడం, పదేళ్లు వాయించినా నాబ్‌లు, శ్రుతి చేసే కీలు, ఫ్రెట్లు గట్టిగా ఉండటం, వీటిలో, అంటే నమ్మకంలో, ఖరీదైనది ముందుంటుంది. ఆ తేడా నిజమే, దానికి విలువా ఉంది. కానీ నువ్వు అడుగుతున్నది టోన్ కోసం. టోన్ కోసం 2 లక్షలు అక్కర్లేదు.

నేను విజయనగరంలో ఉంటాను. ఆర్కెస్ట్రాల్లో బేస్ వాయించడమే బతుకుతెరువు, దాంతోపాటు గిటార్లకి, బేస్‌లకి సెటప్ చేసి పెడతాను. బొబ్బిలి, పార్వతీపురం, ఆమదాలవలస, నరసన్నపేట నుంచి కూడా తెస్తుంటారు. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ నీలాంటివే, 10 వేల నుంచి 25 వేల లోపువి. మధ్యమధ్యలో 2 లక్షలు దాటినవీ వస్తాయి. రెండు రకాల మెడలూ విప్పి చూసిన చేత్తో రాస్తున్నాను కాబట్టి ఇందులో వినికిడి మాటలు లేవు.

ముందు ఈ వాయిద్యం పుట్టుక తెలిస్తే సగం సందేహం తీరుతుంది. లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చాడు, 1960లో జాజ్ బేస్. అంతకుముందు ఎక్కువగా ఉన్నది నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్, మోయడం కష్టం, జోరుగా మోగే బ్యాండ్‌లో అది వినపడటం కూడా కష్టమే. ఆయన చేసిందేమిటంటే, ఒక చదునైన చెక్క పలక కోసి, దానికి మెడని స్క్రూలతో బిగించి, ఫ్రెట్లు పెట్టి, కింద పికప్ పెట్టడం. ఫ్యాక్టరీలో వరసగా తయారుచేయాలి, ఏ భాగం పాడైతే ఆ భాగం విప్పి మార్చాలి, ఈ ఆలోచనతోనే దాన్ని గీశాడు. అంటే పుట్టుకతోనే అది యంత్రాల మీద తయారయ్యే వాయిద్యం. నువ్వు చూసే చవక బేస్‌లలో చాలావరకు ఆ రెండు మోడళ్ల రూపమే, కొలతలు కూడా అవే, మెడ చివర స్ట్రింగులు ఆనే నట్ నుంచి బాడీ మీద అవి ఆనే బ్రిడ్జి వరకు 34 అంగుళాలు. ఇవాళ చైనాలోనో ఇండోనేషియాలోనో కంప్యూటర్ నడిపే మెషీన్ చెక్క కోస్తే, అమెరికా మెషీన్ కోసిన దానికీ దానికీ కోతలో పెద్ద తేడా రాదు. తేడా అంతా ఆ తర్వాత చేత్తో చేసే పనిలో వస్తుంది. ఫ్రెట్ల చివర్లు అరగదీయడం, నట్ గాడులు కోయడం, చెక్కని తగినంత ఆరబెట్టడం, చివర్లో ఒక మనిషి కూర్చుని వాయించి చూడటం. చవక బేస్‌లో మిగుల్చుకున్న డబ్బు ఎక్కువగా ఈ పనుల దగ్గరే మిగుల్చుకుంటారు.

మన బొబ్బిలి వీణతో పోల్చి చూడు. గొల్లపల్లిలో పనస చెక్క తొలిచి చేసే వీణకి ఆ చెక్కే గొంతు. కుండ ఎంత మందాన తొలిచారు, చెక్క ఏ వయసుది, పై పలక ఎలా కూర్చారు, ఇవన్నీ నేరుగా చెవికి వినిపిస్తాయి. అందుకే చేయి తిరిగిన పనివాడి వీణకీ, మామూలు వీణకీ తేడా మీటగానే తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ బేస్ సంగతి అది కాదు. స్ట్రింగ్ కదులుతుంటే పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట కలిసి ఆ కదలికని కరెంటుగా మారుస్తాయి. యాంప్‌లోకి వెళ్లేది అది. చెక్క పాత్ర లేదని అనను, మెడ గట్టిదనం వల్ల నోటు ఎంతసేపు నిలుస్తుందనేది మారుతుంది. కానీ "ఈ బాడీ ఫలానా చెక్క, అందుకే ఈ టోన్" అని 2 లక్షల మాట చెప్పేవాడితో, ముందు స్ట్రింగులు మార్చి చూపించు అనాలి. కొత్త స్ట్రింగులు వేస్తే మారేంత సౌండ్, బాడీ చెక్క మారితే మారదు.

జేమ్స్ జేమర్సన్ పేరు వినే ఉంటావు. అమెరికాలో మోటౌన్ కంపెనీ రికార్డుల్లో బేస్ అంటే ఆయనే. ఎక్కువగా వాయించింది 1962 ప్రెసిషన్ బేస్, అది ఆ రోజుల్లో షాపులో దొరికే మామూలు ఫ్యాక్టరీ సరుకే. పైన లావు ఫ్లాట్‌వౌండ్ (పై చుట్టు చదునుగా ఉండే) స్ట్రింగులు, తెగితే తప్ప మార్చేవాడు కాదు, కుడిచేతి చూపుడువేలు ఒక్కదాంతో వాయించేవాడు. ఇవాళ్టికీ బేస్ నేర్చుకునేవాళ్లు ఆ లైన్లే పట్టుకు కూర్చుంటున్నారు.

ఇక మా దగ్గర జరిగింది చెప్తాను. రిహార్సల్ హాల్లో ఒకసారి మా కీబోర్డు ఆయనకీ, డ్రమ్స్ కుర్రాడికీ ఇదే వాదన వచ్చింది. నా దగ్గర ఒక మిత్రుడి అమెరికన్ బేస్ సెటప్‌కి వచ్చి ఉంది, పక్కనే 17 వేల రూపాయల బేస్ ఒకటి, రెండూ ప్రెసిషన్ రూపమే. రెండిటికీ ఒకే రకం కొత్త స్ట్రింగులు వేసి, స్ట్రింగుల ఎత్తు ఒకేలా పెట్టి, ఒకే వైరు, ఒకే యాంప్, వాల్యూమ్ సమానం చేసి, వాళ్లని గోడవైపు తిప్పి కూర్చోబెట్టి ఒకే లైన్ మార్చి మార్చి వాయించాను. బ్యాండ్‌తో కలిపి వాయించినప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. ఒంటరిగా వాయించినప్పుడు మాత్రం కీబోర్డు ఆయన పట్టేశాడు, అదీ ఎక్కడంటే, సన్న స్ట్రింగ్ మీద ఆరో ఫ్రెట్ దగ్గర. చవక బేస్‌లో అక్కడ నోటు మొదలై చప్పున చచ్చిపోయింది, ఖరీదైన దాంట్లో నిలబడింది.

ఇదే నేను చెప్పే అసలు తేడా. దీన్ని డెడ్ స్పాట్ అంటారు. మెడకి తనదైన ఒక కంపనం ఉంటుంది, ఆ స్వరం దగ్గర స్ట్రింగ్ బలాన్ని మెడే లాగేసుకుంటుంది, నోటు నిలవదు. ఎక్కువగా అన్నిటికన్నా సన్నదైన జి స్ట్రింగ్ మీద ఐదు నుంచి ఏడో ఫ్రెట్ మధ్య వస్తుంది. ఖరీదైన బేస్‌లలోనూ ఉంటుంది, కానీ వాటిలో కొన్నిటికి మెడ లోపల గ్రాఫైట్ కడ్డీలు వేస్తారు, చెక్క ఏరి పెడతారు, అందువల్ల తక్కువ. కొనేముందు ఎవరైనా చేయాల్సిన పరీక్ష ఇది: జి స్ట్రింగ్ మీద మొదటి ఫ్రెట్ నుంచి పన్నెండు దాకా ఒక్కో నోటు గట్టిగా కొట్టి వదిలేసి, ఎంతసేపు మోగుతోందో విను. ఎక్కడైనా ఒక చోట ఠక్కున ఆగిపోతే ఆ పీస్ వదిలేసి అదే మోడల్‌లో ఇంకోటి అడుగు. ఒకే మోడల్, ఒకే ధర, రెండు పీసులు రెండు రకాలుగా ఉండటం చవక బేస్‌లలో మామూలు. అందుకే వీలైతే బండెక్కి విశాఖ వెళ్లి చేత్తో పట్టుకుని చూసి కొనమంటాను, ఆన్‌లైన్ అయితే వాపసు తీసుకునే షరతు ఉన్నచోటే.

ఇప్పుడు నీ బేస్ శ్రుతి సంగతి. మీ పార్టీలో వాళ్లు టోన్ లేదంటున్నది నిజానికి శ్రుతి లేకపోవడం అని నా గట్టి అనుమానం. బేస్ కాస్త శ్రుతి తప్పితే మామూలు శ్రోత "శ్రుతి తప్పింది" అనడు, "ఎందుకో నిండుగా లేదు" అంటాడు. కార్డు (కలిసి పలికే స్వరాల గుంపు) కింద పునాది సరిగ్గా కూర్చోకపోతే అలాగే వినిపిస్తుంది మరి.

చీపురుపల్లి నుంచి ఒక కుర్రాడు ఇలాగే వచ్చాడు. ఖాళీ స్ట్రింగులు శ్రుతి చూపే ట్యూనర్‌లో కరెక్టుగా ఉంటాయి, పాట మొదలవగానే మొదటి మూడు ఫ్రెట్లలో ప్రతి నోటూ శ్రుతి కన్నా పైకి పలుకుతుంది. "ఏటన్నా, దీన్ని అమ్మేమంటారా" అని అడిగాడు. బల్ల మీద పడుకోబెట్టి లావు స్ట్రింగ్‌ని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్‌కీ స్ట్రింగ్‌కీ మధ్య సందు చూశాను. సన్న కాగితం దూరేంత ఉండాల్సిన చోట విజిటింగ్ కార్డు హాయిగా తిరుగుతోంది. నట్‌లో గాడులు లోతుగా కోయకుండానే ఫ్యాక్టరీ నుంచి పంపేశారన్నమాట. స్ట్రింగ్ అంత ఎత్తులో ఉంటే మొదటి ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు అది ఎక్కువ సాగుతుంది, సాగితే స్వరం పెరుగుతుంది, ఇంతే కథ. నట్ ఆకురాయితో, కీల వైపు కొంచెం వాలు ఉండేలా, రెండు మూడు గీతలు గీయడం, స్ట్రింగ్ వేసి చూడటం, మళ్లీ గీయడం. ఇక్కడ తొందరపడితే గాడి లోతై ఖాళీ స్ట్రింగ్ గరగర మంటుంది, అప్పుడు నట్టే మార్చాలి. నాలుగు గాడులూ అయ్యాక లావు స్ట్రింగ్ మొదటి ఫ్రెట్ నొక్కితే ట్యూనర్ ముల్లు మధ్యలో నిలిచింది. వాడు తెచ్చిన పాటే వాయించి చూపించమన్నాను. బేస్ మార్చలేదు, పికప్ మార్చలేదు, చెవికి మాత్రం వేరే బేస్‌లా వినిపించింది.

నీ సమస్య పైన ఫ్రెట్లలో అంటున్నావు కాబట్టి అది నట్ కాదు, బ్రిడ్జి మీద ఒక్కో స్ట్రింగ్ ఆనే చిన్న ముక్కలు, అంటే శాడిల్స్ దగ్గర పని. పన్నెండో ఫ్రెట్‌కి సరిగ్గా పైన స్ట్రింగ్ మీద వేలు నొక్కకుండా కేవలం ఆనించి కొట్టు, వచ్చే స్వరమే హార్మోనిక్, ట్యూనర్ చూడు. అదే ఫ్రెట్‌ని నొక్కి మళ్లీ చూడు. రెండూ ఒకటే రావాలి. నొక్కినప్పుడు ఎక్కువ చూపిస్తే శాడిల్‌ని మెడ నుంచి దూరంగా వెనక్కి జరపాలి, తక్కువ చూపిస్తే మెడవైపు ముందుకి. కొంచెం జరిపి, మళ్లీ శ్రుతి చేసి, మళ్లీ చూడు. అయితే ఇది చివర్లో చేయాల్సిన పని. దానికి ముందు మెడ వంపు, స్ట్రింగుల ఎత్తు సరిచూడకుండా శాడిల్స్ జరిపితే పడ్డ శ్రమంతా వృథా, అవి మార్చగానే ఇది మళ్లీ తప్పుతుంది.

మెడ వంపు చూడటం తేలికే. బేస్‌ని శ్రుతి చేసి, లావు స్ట్రింగ్‌ని ఎడమచేత్తో మొదటి ఫ్రెట్ దగ్గర, కుడి మోచేతితోనో రెండో మనిషి చేతనో చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టు. ఏడో, ఎనిమిదో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ కింద సందు మామూలు విజిటింగ్ కార్డు మందం, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. సందు బాగా ఎక్కువుంటే మెడ ముందుకి వంగింది, మెడ లోపలి కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ని కుడివైపు బిగించాలి. అసలు సందే లేకపోతే ఎడమవైపు వదలాలి. ఒకసారికి పావు తిప్పు కన్నా ఎక్కువ వద్దు, తిప్పాక శ్రుతి చేసి కాసేపు వదిలేసి మళ్లీ చూడు. సరైన సైజు అలెన్ కీ లేకుండా దాని జోలికే పోవద్దు, లోపల ట్రస్ రాడ్ నట్టు మొహం అరిగిపోతే బేస్ ధరలో సగం ఖర్చు. ఆ తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర స్ట్రింగుల ఎత్తు 2 నుంచి 2.5 మిల్లీమీటర్ల దాకా పెట్టుకో, గట్టిగా కొట్టే చేయి అయితే ఇంకాస్త పైకి. చిన్న స్టీల్ స్కేలు చాలు దీనికి. అదే స్కేలుని పక్కపక్క మూడు ఫ్రెట్ల మీద నిలబెట్టి అటూ ఇటూ ఊపితే టక్కుటక్కుమని ఊగిందనుకో, మధ్య ఫ్రెట్ లేచి ఉంది. ఆ పని మాత్రం తెలిసినవాళ్లకి ఇవ్వు.

ఇంకొకటి ఎవరూ చూడనిది, పికప్ ఎత్తు. సౌండ్ ఎక్కువ రావాలని పికప్‌ని స్ట్రింగులకి మరీ దగ్గరగా పైకి లేపేస్తారు. అయస్కాంతం లావు స్ట్రింగ్‌ని తనవైపు లాగుతుంది, నోటు నిలకడగా ఉండక అలలు అలలుగా ఊగుతుంది. ట్యూనర్ ముల్లు ఆడుతూనే ఉంటే అదొకసారి చూడు.

ఇక స్టేజి. పైడితల్లి జాతరలో తొలేళ్ల రాత్రో, సిరిమాను రోజుల్లోనో విజయనగరంలో ప్రోగ్రాం అనుకో. పెద్ద పెద్ద బాక్సులు, రోడ్డంతా జనం, పక్క వీధిలో ఇంకో మైకు. నాలుగు స్ట్రింగుల బేస్‌లో అన్నిటికన్నా లావు స్ట్రింగ్ 41 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. ఆ కింది స్వరమంతా కిక్ డ్రమ్‌తో కలిసిపోయి గుండెకి తగులుతుంది గానీ ఏ నోటు వాయిస్తున్నావో చెప్పేది ఆ పైన ఉండే మధ్య స్వరాలే. చవక బేస్ పట్టుకున్నవాళ్లు లోటు పూడ్చుకోవాలని బేస్ నాబ్ చివరిదాకా తిప్పేస్తారు, దాంతో ముద్దగా మారి లైన్ వినపడదు. మిక్సర్ అబ్బాయికి చెప్పి కింద కొంచెం తగ్గించి మధ్య కొంచెం పెంచమను. మోగడం తగ్గినట్టు నీకు స్టేజి మీద అనిపిస్తుంది, ముందు కూర్చున్నవాళ్లకి మాత్రం లైన్ స్పష్టంగా వినిపిస్తుంది.

2 లక్షల బేస్ కన్నా ముందు నువ్వు కొనాల్సింది ఒక డి.ఐ. బాక్స్, అంటే బేస్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె. సుమారు 3, 4 వేలల్లో దొరుకుతుంది. బ్యాటరీ లేని బేస్‌ని నేరుగా మిక్సర్‌లో మామూలు లైన్ ఇన్‌పుట్‌కి గుచ్చితే పికప్ మీద భారం పడి పై స్వరాలన్నీ చచ్చిపోతాయి, దుప్పట్లోంచి వాయించినట్టు వస్తుంది. మన వైపు పెళ్లి ప్రోగ్రాముల్లో రోజూ జరిగేది ఇదే. ఇలా గుచ్చి 2 లక్షల బేస్ వాయించినా అదే దుప్పటి సౌండ్. డి.ఐ. ద్వారా పంపితే నీ 18 వేల బేస్ విప్పారుతుంది.

హమ్, అంటే బాక్సుల్లోంచి వచ్చే గుయ్యిమనే చప్పుడు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ పార్టీ వాళ్ళు దాన్ని కూడా బేస్ ధర మీద వేస్తారు. జనరేటర్, సీరియల్ లైట్లు, ఎల్ఈడీ బోర్డు అన్నీ ఒకే లైను మీద ఉంటే సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) పికప్ ఉన్న ఏ బేస్ అయినా గుయ్యిమంటుంది, ఖరీదైన జాజ్ బేస్ కూడా. స్ట్రింగులు ముట్టుకోగానే హమ్ తగ్గితే లోపల వైరింగ్ మామూలుగానే ఉంది, కంట్రోల్ గుంటలో రాగి రేకు అతికించి షీల్డ్ చేసుకుంటే చాలావరకు పోతుంది. ముట్టుకున్నా తగ్గకపోతే బ్రిడ్జి కిందికి వెళ్లే ఎర్త్ వైరు ఊడిపోయి ఉండొచ్చు, చవక బేస్‌లలో నేను తరచూ అతికించేది ఆ వైరే. కానీ ఒక్కటి జాగ్రత్త. స్ట్రింగుల మీద చేయి ఉండగా మైకుకి పెదవి తగిలి చురుక్కుమంటే వెంటనే ఆపేయ్. పందిరి కరెంటుకి సరైన ఎర్తింగ్ లేదని అర్థం. ఎలక్ట్రీషియన్ చూసేదాకా వాయించకు. హమ్ పోతుందని యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేసేవాళ్లని చూశాను, ప్రాణం మీదికి తెచ్చుకోవడమే అది.

మన వాతావరణం ఇంకో సంగతి. సముద్రం దగ్గర, వానాకాలం నెలలకొద్దీ తేమ, మే నెలలో మాడిపోయే ఎండ. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తర్వాత రోజుల తరబడి కరెంటు లేని ఇళ్ల నుంచి వచ్చిన బేస్‌లు చూశాను. శాడిల్ స్క్రూలు తుప్పు పట్టి తిరగవు, మెడలు వంగిపోయాయి, నాబ్ తిప్పితే కరకర. అందులో ఖరీదైనవీ ఉన్నాయి, ఉప్పుగాలికి ధర తెలియదు. కానీ బాగుచేసేటప్పుడు తేడా కనిపించింది. ఖరీదైన వాటిలో ట్రస్ రాడ్ మాట వింది, మెడ తిరిగి నిలబడింది, స్క్రూలకి కాస్త నూనె వేస్తే కదిలాయి. చవక వాటిలో కొన్ని మెడలు పక్కకి మెలి తిరిగాయి, మెలి తిరిగిన మెడకి ట్రస్ రాడ్ ఏమీ చేయలేదు, అవి ఇక పనికిరాలేదు. నేను నమ్మకం అన్నది దీన్నే. నీ దాన్ని కాపాడుకోవాలంటే వాయించాక స్ట్రింగులు పొడిబట్టతో తుడువు, కేసులో సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచు, తడి ఎక్కే గోడకి వేలాడదీయకు, మిట్టమధ్యాహ్నం కారు డిక్కీలో వదలకు. వానలు మొదలైనప్పుడొకసారి, వేసవి ముదిరినప్పుడొకసారి మెడ వంపు చూసుకో.

కీలు పట్టడం లేదు, శ్రుతి జారిపోతోంది అని కీలు మార్చేసేవాళ్లున్నారు. చాలాసార్లు తప్పు స్ట్రింగ్ చుట్టిన తీరులో ఉంటుంది. కీ మీద రెండు మూడు చుట్లు, ఒకదాని కింద ఒకటి దిగేలా రావాలి. ఆరేడు చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే అవి సర్దుకుంటూ శ్రుతి జారుతూనే ఉంటుంది. ఎక్కువైన భాగం కత్తిరించే ముందు స్ట్రింగ్‌ని మడిచి ఆ తర్వాతే కత్తిరించు, ముఖ్యంగా ఫ్లాట్‌వౌండ్. మడవకుండా కత్తిరిస్తే పై చుట్టు లోపల వదులై నోటు చచ్చిపోతుంది.

మరి ఖరీదైన బేస్ ఎవరికి? అయిదు స్ట్రింగులు కావాలనుకునేవాళ్లకి మొదట చెప్తాను. అయిదో స్ట్రింగ్ 31 హెర్ట్జ్ దగ్గర పలకాలి. 34 అంగుళాల మెడ మీద అంత లావు స్ట్రింగ్ బిగువుగా, స్పష్టంగా మోగాలంటే మెడ చాలా గట్టిగా ఉండాలి, మెడ బాడీలో సందు లేకుండా కూర్చోవాలి. చవక అయిదు స్ట్రింగుల వాటిలో ఆ కింది స్ట్రింగ్ చాలా వరకు వదులు తాడులా ఊగుతుంది, నోటు ఉండదు, చప్పుడే ఉంటుంది. నాలుగు స్ట్రింగుల దగ్గర చవకదీ ఖరీదైనదీ దగ్గరపడ్డాయి గానీ అయిదు దగ్గర ఇంకా ఎడం ఉంది. కీర్తనల్లో, సినిమా పాటల్లో కాస్త కింది స్వరం ఎప్పుడో ఒకసారి కావాలంటే లావు స్ట్రింగ్‌ని ఒక స్వరం దించుకుని వాయించుకో, దానికోసం చవక అయిదు స్ట్రింగులది కొనకు.

రెండోది, స్టూడియో పని. రికార్డింగ్‌లో ప్రతి నోటూ విడిగా వినిపిస్తుంది, ఒక ఫ్రెట్ బలంగా, పక్క ఫ్రెట్ నీరసంగా పలికితే ఇంజినీరు పట్టుకుంటాడు. హైదరాబాదులోనో చెన్నైలోనో సెషన్లు చేసేవాడికి ఆ సమానత్వమే తిండి పెడుతుంది, వాడు కొనాలి. మూడోది, వారానికి నాలుగైదు రాత్రులు గంటలకొద్దీ నిలబడి వాయించేవాళ్లు. బరువు తక్కువున్న బాడీ, తల కిందికి వాలకుండా సమతూకంగా ఉండే మెడ, చేతికి గుచ్చుకోని ఫ్రెట్ చివర్లు. ఇవి భుజాన్ని, మణికట్టుని కాపాడతాయి. అది సుఖం కోసం పెట్టే ఖర్చు కాదు.

చవకలో కూడా ఒక గీత ఉంది. నా అనుభవంలో 10 వేల లోపు కొత్త బేస్‌లలో సెటప్‌తో బాగుపడనివి ఎక్కువ. ట్రస్ రాడ్ తిరగదు, ఫ్రెట్లు వదులు, మెడ పచ్చిచెక్క. 15 నుంచి 25 వేల మధ్య యమహా టి.ఆర్.బి.ఎక్స్. 174, ఐబనెజ్ జి.ఎస్.ఆర్. 200 లాంటి తరగతి నుంచి మొదలవుతుంది అసలు బేస్. జి.ఎస్.ఆర్. 200లో బ్యాటరీ ఉంటుంది, జాక్ గుచ్చి ఉన్నంతసేపు అది ఖర్చవుతుంది, వాయించడం అయ్యాక వైరు తీసెయ్. సెకండ్ హ్యాండ్‌లో 40, 50 వేలు పెట్టగలిగితే అక్కడ దొరికే మధ్యతరగతి బేస్‌లు, పైన చెప్పిన నమ్మకంలో చాలావరకు ఇచ్చేస్తాయి. ఆపైన పెట్టే ప్రతి పదివేలకీ వచ్చే లాభం తగ్గుతూ పోతుంది.

నీ డబ్బు నా చేతికిస్తే ఇలా ఖర్చు పెడతాను. ముందు ఒక మంచి స్ట్రింగుల సెట్, 45 నుంచి 105 మందం (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క), కీర్తనలు, మెలోడీ పాటలే ఎక్కువైతే ఫ్లాట్‌వౌండ్, ధర ఎక్కువే గానీ ఏళ్లు నిలుస్తాయి. తర్వాత పూర్తి సెటప్. తర్వాత డి.ఐ., ఒక గట్టి వైరు, వెడల్పాటి బెల్టు. ఇంట్లో సాధనకి హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న యాంప్. అంతా కలిపి 15 వేలకి అటూ ఇటూ. ఇవన్నీ రేపు నువ్వు పెద్ద బేస్ కొన్నా పనికొస్తాయి, ఏదీ పారేసేది కాదు.

నువ్వు రాసినదాంట్లో ఒక వివరం లేదు. పైన ఫ్రెట్లలో శ్రుతి తప్పుతున్నది నాలుగు స్ట్రింగుల మీదా, లేక ఏదో ఒకదాని మీదేనా? స్ట్రింగులు ఎప్పుడు మార్చావు? పాతబడిన స్ట్రింగ్ అయితే శాడిల్ ఎంత జరిపినా శ్రుతి కుదరదు, ముందు అవి మార్చాలి. కొత్తవి వేశాక పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్, నొక్కిన నోటు రెండూ ట్యూనర్‌లో ఎంత చూపిస్తున్నాయో, స్ట్రింగుల ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో కొలిచి ఇక్కడే రాయి. దాన్ని బట్టి శాడిల్ ఎటు జరపాలో చెప్తాను.